కడిగించి తేవలెను

రిపేరు పని నేర్చుకునే కుర్రాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు, "మీ సర్వీసు మొత్తం మీద బాగా కష్టమైన పని ఏదండీ?" అని. ఇంజను దింపడం గురించో, గేరుబాక్సు గురించో చెబుతాననుకుని ఫోన్లు పక్కన పెడతారు. నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించిన జబ్బు చివరికి ఏ సామానూ మార్చకుండానే కుదిరిందంటే ముఖాలు చిన్నబోతాయి. అయినా చెబుతాను. అందులో నా గొప్ప వీసమెత్తు లేదు. కాబట్టి అబ్బాయిలూ, కాస్త ఓపిగ్గా వినండి.

కొత్తపేట దాటి రావులపాలెం వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది మా షెడ్డు. లారీల ముందు భాగం పని నా ప్రత్యేకత. స్టీరింగు ఒక పక్కకి లాగినా, చక్రం ఊగినా, టైరు ఒక అంచున అరిగినా రాజోలు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియడంతో ఊరుకోకుండా పది మందికీ తెలియాలని కూడా ఉండేది.

దానికి తోడు నాకో చాదస్తం, శుభ్రం. నాకు పని నేర్పిన గురువుగారు గ్రీజులో ఒక్క ఇసక రేణువు పడినా బేరింగుకి ఆయువు మూడినట్టే అనేవారు. ఆయన మాట మనసులో పెట్టుకుని షెడ్డు నేలంతా సిమెంటు చేయించాను. ప్రొద్దున్నే డీజిలు వేసి తుడిచి, సబ్బునీళ్ళతో కడిగేవాణ్ణి. గేటు మీది బోర్డు పైన నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాయించాను: "బండి కడిగించి లోపలికి తేవలెను." మట్టి చక్రంతో ఎవరైనా లోపలికి వస్తే నా నోట్లోంచి ఏం వచ్చేదో ఇప్పుడు మీ ముందు అనకూడదు.

పక్కనే టైర్ల షాపు మా బావగారిది. మా ఆవిడకి సొంత అన్నగారు. మనిషి బంగారం, నోరు మాత్రం ఊరుకోదు. "ఇది షెడ్డా, మడి కట్టుకున్న వంటిల్లా బావా? నీ గుమ్మం తొక్కాలంటే లారీలు కూడా తలంటు పోసుకోవాల్సొస్తంది," అని వచ్చిన ప్రతి పార్టీ ముందూ అనేవాడు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో ఒక కొబ్బరి షావుకారు గారి లారీ నా దగ్గరికి వచ్చేది. దాని డ్రైవరు నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. షెడ్డులో అందరం ఆయన్ని బాబాయిగారు అనే పిలిచేవాళ్ళం, ఆయన నన్ను గురువుగారూ అనేవారు. కువైట్లో పదేళ్ళు పెద్ద బళ్ళు నడిపి వచ్చిన మనిషి. భుజాన తువ్వాలు, జేబులో దువ్వెన, నోటి నిండా అండీ. హారను కొట్టే ముందు కూడా "కాస్త జరుగుతారాండీ" అని లోపల అనుకునే రకం. ఇన్నేళ్ళలో ఆయన లారీ ఒక కోడిపిల్లని తొక్కిన పాపాన పోలేదు.

ఆ ఏడాది భాద్రపదంలో వానలు పట్టుకున్న పదిహేను రోజులకి బాబాయిగారు లారీ తెచ్చి షెడ్డులో పెట్టారు. అద్దంలా కడిగించి తెచ్చారు. నా పద్ధతి ఆయనకి కొత్త కాదు.

"గురువుగారూ, హైవే ఎక్కి యాభై దాటేసరికి స్టీరింగు ఊపేస్తందండి. చేతులు ఆడిపోతన్నాయండి," అన్నారు.

"ఎప్పటినుంచండీ?"

"రెండు ట్రిప్పుల నుంచండి. చిత్రం ఏంటంటే, తుని దాటేక దానంతటదే తగ్గిపోతందండి."

మా బావగారు షాపులోంచే అందుకున్నాడు. "తుని గాలి పడిందేమో బండికి!" అందరం నవ్వాం. బాబాయిగారు కూడా నవ్వారు. రోగి తన జబ్బు గురించి చెప్పిన మాటల్లో అతి ముఖ్యమైన మాట అదే. దాన్ని మేం నవ్వి అవతల పారేశాం.

జాకీ పెట్టి ముందు చక్రాలు లేపాను. పైనా కిందా పట్టుకుని ఊపితే కటకట ఆడాయి. కింగ్‌పిన్నులు, అంటే చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసు చివర ఉండే పెద్ద కడ్డీలు, అరిగిపోయి ఉన్నాయి. "దొరికాడండీ దొంగ!" అన్నాను, చుట్టూ అందరూ వినేలా. పిన్నులూ బుష్షులూ మార్చాను. స్టీరింగు రాడ్ల చివర్లు కాస్త వదులుగా ఉంటే అవీ మార్చాను. హైవే మీద నడిపి చూస్తే అరవైలోనూ చెయ్యి కదల్లేదు. బాబాయిగారికి అరగంట ఉపన్యాసం ఇచ్చి పంపాను.

నా మొదటి తప్పు అదే. విప్పక ముందు ఒకసారి నడిపి చూడాలి కదా, చూడలేదు. అరిగిన సామాను కళ్ళ ముందు కనబడేసరికి ఆయన చెప్పిన ఊపు దాని వల్లే అనుకున్నాను. అరిగినమాట నిజమే. కానీ ఊపింది అది కాదు.

పది రోజులకి మళ్ళీ వచ్చారు. గేటు బయట చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చారు. అలా వచ్చారంటే చెప్పడానికి మొహమాటపడుతున్నారని అర్థం.

"ఏమనుకోకండి గురువుగారూ. మళ్ళీ వచ్చిందండి."

నా పనిలో వంక దొరికితే నాకు కోపం వస్తుంది. వచ్చింది కూడా. తాళం తీసుకుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని జొన్నాడ వంతెన దాకా తోలాను. యాభై, యాభై ఐదు, అరవై. బండి వెన్నలా పోతోంది. ఓరగా చూస్తే బాబాయిగారు స్టీరింగు వైపే కళ్ళార్పకుండా చూస్తున్నారు, అది ఒక్కసారి ఊగితే బాగుండునన్నట్టు.

"నిన్న వచ్చిందండి. మా పిల్లల తోడండి," అన్నారు.

"ఇవాళ లేదు కదండీ."

"ఆయ్. ఇవాళ లేదండి."

వెనక్కి వచ్చాక మా బావగారి చేత ముందు టైర్లు రెండూ మార్పించాను. బ్రేకు డ్రమ్ములు చూశాను, బేరింగులు చూశాను, బండి బరువు మోసే కమాను పట్టీల బుష్షులు చూశాను. చక్రం విప్పితే లోపల రిమ్ము కడిగిన కంచంలా ఉంది. నేను మెచ్చుకున్నాను కూడా: "బండి ఉంచుకుంటే మీలా ఉంచుకోవాలండీ." ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మూడోసారి ఆయనే ఒక ఉపాయం చెప్పారు. "ఖాళీ బండికి రావట్లేదేమోనండి. లోడుతోనే వస్తందండి." బాగానే ఉంది, లోడుతో తెమ్మన్నాను. నాలుగు రోజుల తరవాత నిండా కొబ్బరికాయలతో వచ్చారు. చాసిస్ కింద నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. "లోడు బండికి కూడా స్నానమా బాబాయ్!" అని మా బావగారు నవ్వాడు. "మరేనండి, గురువుగారు ఒప్పుకోరు గదండీ, చక్రాల సందుల్లో కూడా పంపు కొట్టించేను," అన్నారు ఆయన. మళ్ళీ జొన్నాడ. మళ్ళీ అరవై. గ్లాసులో నీళ్ళు పెడితే తొణకవు.

ఆ సాయంత్రం బాబాయిగారు వెళ్ళాక మా బావగారు టీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించాడు. "బావా, నువ్వేమీ అనుకోకు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయేమో. వయసు మీద పడతంది. పాపం బండి మీద పెడతన్నాడు."

నేను కాదనలేదు. కాదనకపోవడమే కాదు, ఆ మాట వినగానే నా గుండెల మీంచి బరువు దిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. చేతులు వణుకుతున్నాయంటే తప్పు నా పనిలో లేదు కదా.

వారం తిరక్కుండా షావుకారు గారే వచ్చారు. ఆయన కూడా మెత్తటి మనిషే. గొంతు పెంచడం ఎరగరు. గడప దగ్గర కుర్చీ వేస్తే అంచున కూర్చున్నారు. బాబాయిగారు అవతల లారీ పక్కన నిలబడి ఉన్నారు.

"డ్రైవరుగారు మా ఇంట్లో మనిషి లాంటోరండి," అన్నారు షావుకారు గారు. "కానీ రోడ్డు మీద నలుగురి ప్రాణాలు గదండీ. బండిలో లోపం ఉందన్నారనుకోండి, ఎంతైనా చేయిద్దాం. లేదన్నారనుకోండి, ఇంకో మాట ఆలోచించాలి. మీ మాటే నాకు ఖాయమండి."

"బండిలో ఏమీ లేదండి," అన్నాను.

"ఆయ్," అన్నారు ఆయన. కుర్చీలోంచి లేచారు.

బాబాయిగారు విన్నారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఒకసారి అరచేతులు చూసుకున్నారు, తిప్పి మళ్ళీ చూసుకున్నారు. కోపం తెచ్చుకుని నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మన గోదారి వాళ్ళతో వచ్చిన చిక్కే అది, బాధ పెట్టిన వాడికి కూడా నమస్కారం పెట్టి వెళతారు. ఆయనా పెట్టే వెళ్ళారు.

నెలాఖరు దాకా ఆయన్ని ఉంచి, తరవాత కొత్త డ్రైవర్ని పెట్టుకుంటారని, బాబాయిగారిని కొబ్బరికాయల కొట్టు దగ్గర కాపలాకి కూర్చోబెడతారని తెలిసింది. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి గేటు దగ్గర స్టూలు మీద. నేను దాన్ని గురించి ఎక్కువ ఆలోచించకుండా పనిలో పడ్డాను.

కార్తీకమాసం వచ్చింది. వానలు మాత్రం వదల్లేదు. ఒక సోమవారం మా ఆవిడతో పలివెల గుడికి వెళ్ళాను. దర్శనం అయి బయటికి వస్తుంటే ఒకావిడ ఎదురొచ్చి చేతులు జోడించింది. బాబాయిగారి భార్య. ఆవిడది ఆత్రేయపురం. పూతరేకులు చుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. దసరాకి మా షెడ్డుకి ఒక డబ్బా తప్పకుండా పంపేది.

"అన్నయ్యగారూ, రాజమండ్రిలో నరాల డాక్టరుగారు మంచోరు ఎవరైనా తెలుసాండీ?"

"ఎవరికమ్మా?"

"మా ఆయనకేనండి. పొద్దున్నే లేచి చెంబు నిండా నీళ్ళు పోసుకుని, చెయ్యి చాపి నిలబడతన్నారండి, పరీక్షకి. చుక్క తొణకట్లేదండి. నన్ను పిలిచి చూపిస్తన్నారండి, 'చూడు, ఏమైనా ఊగతందా?' అని. ఏమీ ఊగట్లేదండి. 'ఇంటి దగ్గర బానే ఉన్నాయి, బండెక్కితేనే వణుకుతన్నాయంటే నాకు లోపల ఏదో భయం పట్టుకుందే' అంటన్నారండి. నిన్న భోజనాల దగ్గర, 'నా చేతులు నన్ను మోసం చేసేయి' అన్నారండి." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బండిలో ఏమీ లేదని మీరే చెప్పేరంట గదండీ. మీరు చెప్పేక ఇంకేముంటదండి. అందుకే డాక్టర్ని అడుగుతన్నాను."

ఆవిడ నన్ను నిష్ఠూరం ఆడటానికి రాలేదు. నా మాట మీద అంత నమ్మకంతో వచ్చింది. డాక్టరు పేరు కనుక్కుని చెబుతానని తప్పించుకుని స్కూటరు ఎక్కాను. దారంతా మా ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది, నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. చుక్క తొణకట్లేదు. ఇంటి దగ్గర తొణకని చెయ్యి బండిలో ఊగిందంటే ఊపేది బండి కాక మరేమిటి? ఇంత చిన్న లెక్క ఆవిడ చెంబు పట్టుకుని చెబితే గాని నాకు తట్టలేదు. ఆడలేనిది ఎవరో అప్పుడు తెలిసింది.

ఆ గురువారం పదకొండు గంటల వేళ గేటు బయట లారీ ఆగింది. బాబాయిగారు దిగి లోపలికి వచ్చారు. చేతిలో పూతరేకుల డబ్బా.

"ఇదే ఆఖరి ట్రిప్పండి గురువుగారూ. వెళ్తా వెళ్తా ఒకసారి కనిపించి వెళ్దామని వచ్చేను. మట్టి బండి గదండీ, లోపలికి తేలేదు. రోడ్డు మీదే ఉంచేను."

బయటికి చూశాను. నిండా కొబ్బరి లోడు. చక్రాలు, మడ్‌గార్డులు, మెట్టు, అన్నీ నల్లటి ఒండ్రుతో మెత్తినట్టు ఉన్నాయి. ఆ లారీని అలా నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడైతే మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు అప్పటికీ వెలగలేదు. నా మనసులో ఉన్నది ఒక్కటే, ఈ మనిషితో పాటు నేను కూడా వెళ్ళాలి అని.

"పదండి, తుని దాకా నేనూ వస్తాను," అన్నాను.

ఆయన కంగారు పడ్డారు. "ఆ తెల్ల చొక్కాతోనాండీ? అయితే ఒక్క అరగంట ఆగండి. సర్వీసింగుకి పట్టుకెళ్ళి పంపు కొట్టించి తెచ్చేస్తాను."

"సరే" అనబోయాను. అబ్బాయిలూ, ఒట్టు, ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ మబ్బు పట్టి ఉంది, వాన దిగితే హైవే మీద వేగం అందుకోలేం. "వద్దులెండి, టైమైపోతుంది," అన్నాను. దీన్ని నా తెలివి అనుకునేరు. కాదు, తొందర.

రావులపాలెం దాకా ముప్పై ముప్పై ఐదులో వెళ్ళాం. మన రోడ్ల మీద అంతకన్నా వెళ్ళనిచ్చేదెవరు? ఒకచోట గేదెలు, ఒకచోట ధాన్యం ఆరబోత, ఒకచోట పెళ్ళివారు. హైవే ఎక్కాక బాబాయిగారు మెల్లగా వేగం పెంచారు. నలభై ఐదు దగ్గర కాలి కింద పలక గరగరమంది. యాభై దాటేసరికి స్టీరింగు పట్టుకున్న ఆయన రెండు చేతులూ మణికట్టు దాకా ఊగడం మొదలుపెట్టాయి.

ఆయన నా వైపు చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ, తప్పు చేసి దొరికిపోయిన వాడిలా, "ఇదిగోండి... మళ్ళీ మొదలెట్టేయండి నా చేతులు," అన్నారు.

బండి ఊగుతోందని అనలేదు. నా చేతులు అన్నారు. నా మాట ఆయన్ని ఎంత దాకా తీసుకెళ్ళిందో అప్పుడు కళ్ళారా చూశాను.

"బండి ఆపండి. నేను పడతాను," అన్నాను.

ఇద్దరం సీట్లు మారాం. నేను తోలాను. యాభై. నా చేతులు ఆడిపోయాయి. మోచేతుల దాకా వచ్చింది. అరవై దాటిస్తే కొంచెం సర్దుకుంది. తగ్గిస్తే యాభై దగ్గర మళ్ళీ పట్టుకుంది. నలభైకి దిగితే లేదు. ఒక వేగంలో వచ్చి ఒక వేగంలో పోయేదంటే చక్రంలో ఎక్కడో ఒక పక్క బరువు ఎక్కువైందన్నమాట. అది నేను కళ్ళు మూసుకుని చెప్పగలను, చేతికి తగిలితే. ఇన్నాళ్ళూ చేతికి తగల్లేదు.

"బాబాయిగారూ, చూడండి, నా చేతులు!" అని అరిచాను. "నావి కూడా వణుకుతున్నాయి!"

ఆయన చూశారు. తరవాత ఒళ్ళో ఉన్న తన చేతులు చూసుకున్నారు.

ఒక టీ కొట్టు దాటాక పక్కకి తీసి ఆపాం. ముందు ఎడమ చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పాను. అది బద్ధకంగా తిరిగి, కాస్త వెనక్కి ఊగి ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే చోటు కిందికి వచ్చి ఆగింది. గుడికని వేసుకున్న తెల్ల చొక్కా ఆ రోజు మళ్ళీ వేసుకుని ఉన్నాను. దాంతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని చక్రం లోపలికి చూశాను. రిమ్ము లోపలి వంపులో, డ్రమ్ముకీ రిమ్ముకీ మధ్య, ఒక మూర పొడుగున నల్లటి మట్టి గట్టిగా కరుచుకుని ఉంది. జాకీ తిప్పే కడ్డీ పెట్టి రెండు పోట్లు పొడిస్తే గాని ఊడలేదు. ఊడిపడింది చూస్తే మట్టి ఒక్కటే కాదు, నిండా కొబ్బరి పీచు. మట్టిగోడకి గడ్డి కలిపి మెత్తుతారే, అలా. బరువు రెండిటుకలంత ఉంది. కుడి చక్రంలో చూస్తే అందులోనూ ఒక ముక్క, దాన్నీ పొడిచి రాల్చాను.

అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. ఆ ఏడాదే షావుకారు గారు కాయల ఒలుపు రోడ్డు పక్క నుంచి తోట లోపలికి మార్పించారని బాబాయిగారు అప్పుడు చెప్పారు. లారీ బురదలో దిగి ఒలిచిన పీచంతా తొక్కుకుంటూ వెళ్ళేది. లోడెత్తే దాకా సగం పూట అక్కడే నిలబడేది. చక్రంలో పడ్డ మట్టి జారి అడుగుకి చేరి, పీచుతో కలిసి ఒక పక్కనే గట్టిపడేది. ఊళ్ళో నెమ్మదిగా వెళితే తెలియదు, హైవే ఎక్కితే ఊపేది. తుని చేరేసరికి ఎండిపోయి దానంతటదే రాలిపోయేది. ఇక నా దగ్గరికి వచ్చే ప్రతిసారీ ఆయన సర్వీసింగులో లోపలా బయటా పంపు కొట్టించి, ఉన్న జబ్బంతా కడిగేసి, ఒట్టి బండిని తెచ్చి నాకు చూపించేవారు. మర్యాద కొద్దీ. నా గేటు మీద నీలం అక్షరాలు చదువుకుని.

"ఎంత పని చేశానండీ బాబాయిగారూ," అన్నాను. "కడిగించి తెమ్మని రాసింది నేను. కడిగిన బండి చూసి ఏమీ లేదన్నదీ నేను."

"అబ్బే, మీదేముందండీ," అన్నారాయన. "మురికి బండి మీ దగ్గరికి తేవడం మర్యాద కాదు గదండీ."

ఇలాంటి మనిషిని ఏం చేస్తాం చెప్పండి!

ఆయన్నే తోలమన్నాను. నేను పక్కన కూర్చున్నాను. నలభై ఐదు, యాభై, యాభై ఐదు, అరవై. స్టీరింగు నిశ్చలంగా ఉంది. ఆయన కుడి చెయ్యి తీసి ఎడమ చెయ్యి ఒక్కటే ఉంచారు. తరవాత ఎడమది తీసి కుడిది. చిన్నపిల్లాడు కొత్త సైకిలు మీద చేసినట్టు చేశారు. జొన్నాడ వంతెన దాటాం. దాటాక నెమ్మదిగా పక్కకి ఆపి, "గురువుగారూ, ఇంటికి ఒక ఫోను చేసుకోనాండీ?" అని అడిగారు. ఆయన బండి, ఆయన ఫోను, నన్ను పర్మిషను అడుగుతున్నారు.

"ఏమేవ్," అన్నారు ఫోనులో. "నేనే. ఏం లేదు... చేతులు కాదంట. మట్టంట. ఒట్టి మట్టంట!" ఇంకేదో చెప్పబోయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను లారీ దిగి గోదారి వైపు చూస్తూ నిలబడ్డాను. నా కళ్ళు కూడా ఏమంత పొడిగా లేవు.

నేను తుని దాకా వెళ్ళనే లేదు. అక్కడే బస్సెక్కి, మట్టి మరకల చొక్కాతోనే, ఆ మట్టిగడ్డ సంచిలో వేసుకుని తిన్నగా షావుకారు గారి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. గడ్డ తీసి పేపరు మీదే పెట్టాను.

"ఇదండీ బండిలో ఉన్నది. ఏమీ లేదని మీకు చెప్పింది నేనే. మీరు తీసెయ్యాల్సింది డ్రైవరుగారిని కాదండి, నా మాటని."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని గడ్డని అటూ ఇటూ తిప్పి, ఒక పీచు లాగి చూశారు. "మూడు సార్లు చూసేరు గదండీ. ఎలా కనబడలేదండీ?"

నా బోర్డు సంగతి చెప్పాను. ఆయన మొదట మర్యాదకి ఆపుకున్నారు, ఆ తరవాత వల్ల కాలేదు. అంత మెత్తటి మనిషి పొట్ట పట్టుకుని నవ్వడం నేను అదే చూడటం. నవ్వంతా అయ్యాక, "డ్రైవరుగారు ఇంకా నమ్మకంగా తోలతారంటారా?" అని అడిగారు. "నా ఇంటిల్లిపాదినీ ఆ బండెక్కించి పంపమంటే పంపుతానండి," అన్నాను. "ఆయ్," అన్నారు. ఈసారి ఆ మాట నా చెవికి చల్లగా తగిలింది. కొత్త డ్రైవర్ని ఇంకో లారీ మీదకి పంపారు. తోటలో దారికి కంకర కూడా పోయించారు.

మా బావగారికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. చెబితే ఏమవుతుందో తెలిసే చెప్పాను. "కొండని తవ్వి మట్టిగడ్డని పట్టేవన్నమాట!" అని, నాలుగేళ్ళు వచ్చే పోయే ప్రతివాడికీ చెప్పి నవ్వాడు. కానీ ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా బాబాయిగారి ఇంటికి వెళ్ళి, చేతులు వణుకుతున్నాయని అన్నది తానేనని ఒప్పుకుని వచ్చాడు. అది ఆయన నాకు చెప్పలేదు, ఇంకో పూతరేకుల డబ్బా తెచ్చి ఇస్తూ బాబాయిగారి భార్య చెప్పింది.

మర్నాడు పొద్దున్నే థిన్నరు తెచ్చి, గుడ్డతో గేటు మీది అక్షరాలు నేనే తుడిచేశాను. నీలం రంగు పూర్తిగా పోలేదు. ఆ పాత గేటు దగ్గరికి వెళ్ళి చూస్తే "కడిగించి" అన్నంత మేరకు ఇప్పటికీ కనబడుతుంది.

మీకు చెప్పేది ఒకటే. బండి ఎలా వచ్చిందో అలాగే ముందు ఎక్కి నడపండి. తోలేవాడు తుని దాటాక తగ్గిందంటే నవ్వకండి, తునికి ముందు ఏముందో అడగండి. జబ్బు కనిపెట్టడానికి మీరు వాడే ఆ కంప్యూటరు స్కానరు తీగ తరవాత తగిలించొచ్చు.

అది జరిగిన పది రోజులకి, ఒక వాన వెలిసిన పూట, బాబాయిగారు క్లచ్చి బిగించుకోవడానికి వచ్చారు. లారీ గేటు దగ్గర ఆగిపోయింది. తోటలోంచి తిన్నగా వచ్చినట్టున్నారు, ఒళ్ళంతా ఒండ్రే. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, అప్పుడే కడిగి మెరుస్తున్న నా సిమెంటు నేలని చూశారు, చెరిపేసిన బోర్డుని చూశారు, నన్ను చూశారు.

"గురువుగారూ, ఇలాగే తెచ్చెయ్యనాండీ లోపలికి?"

"తెచ్చెయ్యండి బాబాయిగారూ," అన్నాను.

ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, గేటు కమ్మీలకి చెరో జానెడు వదిలి, ఒక్క పట్టున లోపలికి తెచ్చి నిలబెట్టారు. నా నేల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు నల్లటి చారలు పడ్డాయి. సాయంత్రం ఆయన వెళ్ళాక చీపురు తీసుకుని నేనే కడుక్కున్నాను.